కోర్టులు అడిగే కారణాలు, కోర్టులు చెప్పని కారణాలు

1987 నవంబరు 28న ఆంధ్రప్రదేశ్ బార్ కౌన్సిల్ హైదరాబాద్‌లో ఒక సభ పెట్టింది. చట్టసభలు, ప్రభుత్వం, న్యాయవ్యవస్థ రాజ్యాంగం ప్రకారం ఎవరికి జవాబు చెప్పుకోవాలన్నది ఆనాటి చర్చ. పి.శివశంకర్ ఆ సభలో మాట్లాడారు. ఇదే ఊళ్లో వకీలుగా పేరు తెచ్చుకుని, ఇక్కడి హైకోర్టులో జడ్జీగా కూర్చుని, ఆ పదవి వదులుకుని రాజకీయాల్లోకి వెళ్లిన మనిషి ఆయన. అప్పటికి కేంద్ర న్యాయశాఖ మంత్రి. గోలక్‌నాథ్ లాంటి భూస్వాముల మీద, బ్యాంకుల జాతీయీకరణను సవాలు చేసిన కూపర్ లాంటి వారి మీద సుప్రీంకోర్టు సానుభూతి చూపిందని, జడ్జీలు ఏ వర్గం నుంచి వస్తున్నారో చూస్తే దానికి కారణం తెలుస్తుందని ఆయన కుండబద్దలు కొట్టారు. సుప్రీంకోర్టు వకీలొకరు దాని మీద కోర్టు ధిక్కరణ పిటిషన్ వేశారు. 1988లో జస్టిస్ సవ్యసాచి ముఖర్జీ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. మాటలు ఇంకాస్త మృదువుగా ఉండాల్సిందంటూనే, అలాంటి విమర్శ ధిక్కరణ కిందికి రాదని తేల్చింది.

కోర్టుల్ని విమర్శించవచ్చా అన్న ప్రశ్నకు ఆ రోజే జవాబు దొరికింది. ఆ తర్వాతా ధిక్కరణ కేసులు వచ్చాయి. 2020లో ప్రశాంత్ భూషణ్‌కు రూపాయి జరిమానా పడింది. 2006 సవరణతో నిజం చెప్పడం కూడా, ప్రజాప్రయోజనం ఉంటే, ధిక్కరణ కేసులో రక్షణ అయింది. అయినా మన చర్చలన్నీ ఇంకా విమర్శ దగ్గరే ఆగిపోతున్నాయి. మనం ఏమనవచ్చన్నది ఒక సంగతి. కోర్టు మనకేం చెప్పాలన్నది మరొకటి, దానికంటే పెద్దది. ఈ రెండోదాన్ని గురించే ఈ వ్యాసం.

హైకోర్టులో రిట్ పిటిషన్లు వేసే వకీళ్లకు బాగా అలవాటైన దృశ్యం ఒకటుంది. ఒక తహసీల్దారు ఎవరి పట్టాదారు పాసుపుస్తకమో రద్దు చేస్తాడు. ఉత్తర్వు నాలుగు వాక్యాలు. 'రికార్డులు పరిశీలించడమైనది, పాసుపుస్తకం రద్దు చేయడమైనది' అని ఉంటుంది. ఏ రికార్డు చూశాడు, అవతలివాళ్ల అభ్యంతరం ఏమిటి, దాన్ని ఎందుకు కాదన్నాడు అనేవి ఉండవు. జడ్జిగారు ఆ కాగితం ఒకసారి చూసి, ప్రభుత్వ వకీలు వైపు తిరిగి కారణాలేవని అడుగుతారు. సమాధానం ఉండదు. ఉత్తర్వు రద్దవుతుంది, ఇరుపక్షాలనూ విని కారణాలతో మళ్లీ ఉత్తర్వు ఇమ్మని ఫైలు వెనక్కి పోతుంది. అధికారం ఉన్నవాడు ఎందుకు ఆ పని చేశాడో రాసి చూపాలన్న ఈ ఒక్క సూత్రంతో మన కోర్టులు తహసీల్దార్ల దగ్గర్నుంచి ముఖ్యమంత్రుల దాకా అందరినీ నిలదీశాయి. ఈ దేశానికి అవి చేసిన మేలు అంతా ఇంతా కాదు. అదే సూత్రాన్ని కోర్టులు తమ సొంత పాలనకు వర్తింపజేసుకోలేదు. నా ఫిర్యాదంతా ఇంతే, కానీ ఇది చాలా పెద్ద ఫిర్యాదు.

తీర్పుల విషయంలో ఈ లోటు లేదు. చుండూరు సంగతే తీసుకోండి. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపారు. బాధితుల పోరాటంతో ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లోనే ఏర్పడింది. సాక్షులు బస్సెక్కి జిల్లా కేంద్రానికి పోనక్కర్లేకుండా తమ వాకిళ్ల నుంచి నడిచి వచ్చి వాంగ్మూలం ఇచ్చారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అందరినీ వదిలేసింది. ఆ తీర్పు ఎంతోమందిని గాయపరిచింది. నన్నూ గాయపరిచింది. కానీ అది కాగితం మీద ఉంది. ఏ సాక్షిని ఎందుకు నమ్మలేదో, ఏ ఆలస్యాన్ని ఎలా అర్థం చేసుకున్నారో పేజీపేజీలో కనిపిస్తుంది. దాన్ని చదివి పత్రికల్లో దుయ్యబట్టాం, సభలు పెట్టాం, బాధితులు సుప్రీంకోర్టుకు వెళ్లారు. నచ్చని తీర్పు మీద పోట్లాడటానికి కావలసిన సరంజామా ఆ తీర్పులోనే దొరుకుతుంది. బల్ల మీది నుంచి ఇచ్చే నిర్ణయాలకు ఇంత వెలుతురు ఉన్నప్పుడు, ఛాంబర్లో తీసుకునే నిర్ణయాలకు ఎందుకు లేదు?

2025 మార్చి 14 రాత్రి ఢిల్లీలో అక్కడి హైకోర్టు జడ్జి యశ్వంత్ వర్మ అధికార నివాసపు స్టోర్‌రూములో మంటలు లేచాయి. ఆర్పడానికి వెళ్లినవాళ్లకు కాలుతున్న నోట్ల కట్టలు కనిపించాయన్న వార్త వారం తర్వాత దేశాన్ని కుదిపింది. ఆ డబ్బు తనది కాదనీ, తనకేమీ తెలియదనీ ఆయన అన్నారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి సంజీవ్ ఖన్నా చేసిన పని మెచ్చుకోదగ్గది. ఢిల్లీ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి నివేదికనూ, జడ్జిగారి వివరణనూ, మంటల వీడియోనూ సుప్రీంకోర్టు వెబ్‌సైటులో పెట్టించారు. అంతకు ముందెన్నడూ అలా జరగలేదు. తర్వాత ముగ్గురు న్యాయమూర్తుల అంతర్గత కమిటీ విచారించింది. మే నెలలో ఆ నివేదిక రాష్ట్రపతికీ, ప్రధానికీ వెళ్లింది. సుప్రీంకోర్టు తనంతట తానుగా దాన్ని ప్రజల ముందు పెట్టలేదు. జులైలో లోక్‌సభలో 146 మంది ఎంపీలు అభిశంసన నోటీసు మీద సంతకాలు చేశారు. ఆగస్టులో స్పీకర్ చట్టప్రకారం మరో ముగ్గురు సభ్యుల విచారణ కమిటీ వేశారు. ఒకే ఘటన మీద రెండు కమిటీలు కావలసి వచ్చాయి. ఎందుకంటే మొదటిదానికి చట్టబలం లేదు. అది జడ్జీలు 1999లో తమకు తాముగా చేసుకున్న ఏర్పాటు.

చట్టబలం ఉన్న దారి ఎంత ఇరుకో 1993లోనే తెలిసింది. రాజ్యాంగంలోని 124(4) అధికరణం, 1968 నాటి విచారణ చట్టం ప్రకారం జడ్జిని తొలగించాలంటే నోటీసు మీద వందమంది లోక్‌సభ సభ్యులో, యాభైమంది రాజ్యసభ సభ్యులో సంతకం చేయాలి. ముగ్గురి కమిటీ తప్పు తేల్చాలి. ఆపైన రెండు సభల్లోనూ ప్రత్యేక మెజారిటీ రావాలి. సుప్రీంకోర్టు జడ్జి వి.రామస్వామి మీద కమిటీ చాలా ఆరోపణలు రుజువయ్యాయంది. లోక్‌సభలో ఓటింగు జరిగితే అనుకూలంగా 196 మంది వేశారు, వ్యతిరేకంగా ఒక్కరూ వేయలేదు, 205 మంది చేతులు కట్టుకుని కూర్చున్నారు. తప్పు చేయలేదని అనే ధైర్యం ఎవరికీ లేదు, చేశాడని అనే రాజకీయ అవసరం పాలకపక్షానికి లేదు. తీర్మానం వీగిపోయింది. 2011లో కలకత్తా హైకోర్టు జడ్జి సౌమిత్ర సేన్ విషయంలో రాజ్యసభ 189-17 ఓట్లతో తొలగింపునకు ఒప్పుకుంది. లోక్‌సభకు రాకముందే ఆయన రాజీనామా చేశారు. అదే ఏడాది సిక్కిం ప్రధాన న్యాయమూర్తి పి.డి.దినకరన్ కూడా విచారణ నడుమ తప్పుకున్నారు. ఇన్నేళ్లలో అభిశంసనతో పదవి పోగొట్టుకున్న హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జి ఒక్కరూ లేరు. ఇక క్రిమినల్ కేసు పెట్టాలంటే, 1991లో వీరాస్వామి కేసులో చెప్పినట్టు ముందు భారత ప్రధాన న్యాయమూర్తిని సంప్రదించాలి. 2025 జనవరిలో హైకోర్టు జడ్జీలు తన పరిధిలోకి వస్తారని లోక్‌పాల్ అంటే, నెల తిరక్కుండానే సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది.

ఇప్పుడు కిందికి దిగి చూడండి. తాలూకా కేంద్రంలో పనిచేసే జూనియర్ సివిల్ జడ్జికి పైన జిల్లా జడ్జి, ఆపైన ఆ జిల్లాకు పోర్ట్‌ఫోలియో జడ్జి, హైకోర్టులో విజిలెన్సు రిజిస్ట్రార్ ఉంటారు. 235వ అధికరణం కింద అతని పోస్టింగు, పదోన్నతి, సెలవు, శిక్ష అంతా హైకోర్టు చేతిలోనే. నెలకు ఇన్ని యూనిట్ల కేసులు తేల్చినట్టు లెక్క చూపాలి. ఏటా రహస్య నివేదిక రాస్తారు. 2012లో గాలి జనార్దన్ రెడ్డి బెయిలుకు డబ్బు చేతులు మారిందన్న ఆరోపణ వచ్చినప్పుడు హైదరాబాద్ సీబీఐ కోర్టు న్యాయాధికారిని హైకోర్టు వెంటనే సస్పెండ్ చేసింది. కొద్దిరోజుల్లోనే ఏసీబీ అరెస్టు చేసింది. అలా చేయాల్సిందే. ఆ చురుకుదనం మెట్లెక్కే కొద్దీ ఎందుకు తగ్గిపోతుందన్నదే నా ప్రశ్న.

ఈ తేడా వల్ల జరిగే నష్టాన్ని బెయిలు పిటిషన్ల రోజు మెజిస్ట్రేటు కోర్టులో కూర్చుంటే కళ్లారా చూడొచ్చు. చిన్న కేసు. మోటారు సైకిల్ దొంగతనమో, ఊళ్లో కొట్లాటో. నిందితుడికి పాత కేసులు లేవు, పోలీసులు చేయాల్సిన విచారణ దాదాపు అయిపోయింది. ప్రభుత్వం తరఫున ఏపీపీ లేచి 'సీరియస్ అఫెన్స్ సర్' అని ఒక్క మాట అంటారు. మెజిస్ట్రేటు కాగితాలు తిప్పుతారు, కాసేపు ఆగుతారు, 'జిల్లా కోర్టులో వేసుకోండి' అంటారు. చట్టం తెలియక కాదు. బెయిలిస్తే మర్నాడు ఆకాశరామన్న ఉత్తరం హైకోర్టుకు పోతుందనీ, ఆ ఉత్తరానికి సంజాయిషీ రాసుకుంటూ తన పదోన్నతి సంవత్సరం గడిచిపోతుందనీ ఆయన భయం. ఇవ్వకపోతే ఏ ఉత్తరమూ రాదు. కింది కోర్టుల జడ్జీలు లక్ష్యంగా మారతామన్న భయంతో బెయిలివ్వడానికి జంకుతున్నారని ప్రధాన న్యాయమూర్తిగా చంద్రచూడ్ 2022లో బహిరంగంగానే అన్నారు. అదే ఏడాది చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. నూటికి డెబ్భై ఐదు మందికి పైగా శిక్ష పడకుండానే లోపల ఉన్నారు. మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిపితే వదలాలని కొత్త నాగరిక్ సురక్షా సంహిత 479 సెక్షన్ చెబుతోంది. మంచిదే. కానీ బెయిలిచ్చిన జడ్జికి సంజాయిషీ, ఇవ్వని జడ్జికి నిశ్చింత అన్న లెక్క ఉన్నన్నాళ్లూ ఏ సెక్షనూ జైళ్లను ఖాళీ చేయలేదు. కింది జడ్జిని అతని ఉత్తర్వులోని కారణాలతో తూచాలి. అతని మీద వచ్చిన ఉత్తరాలతో కాదు.

పైస్థాయి జడ్జీల మీద ఫిర్యాదు చేస్తే ఏమవుతుందో తెలుగువాళ్లు దగ్గర్నుంచి చూశారు. 2020 అక్టోబరు 6న ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి అప్పటి ప్రధాన న్యాయమూర్తి బోబ్డేకు ఉత్తరం రాశారు. సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ ఎన్.వి.రమణ రాష్ట్ర హైకోర్టు వ్యవహారాల్ని ప్రభావితం చేస్తున్నారన్నది అందులోని ఆరోపణ. కొద్దిరోజులకే ఆ ఉత్తరాన్ని ప్రభుత్వం పత్రికలకు విడుదల చేసింది. 2021 మార్చి 24న సుప్రీంకోర్టు నాలుగు ముక్కల ప్రకటన ఇచ్చింది. ఫిర్యాదును అంతర్గత ప్రక్రియలో పరిశీలించి తిరస్కరించామని, ఆ ప్రక్రియ పూర్తిగా గోప్యమని అందులో ఉంది. అదే రోజు జస్టిస్ రమణ పేరును తదుపరి ప్రధాన న్యాయమూర్తిగా బోబ్డే సిఫారసు చేశారు.

ఆ ఆరోపణ నిజమని నేననడం లేదు. తన మీద కేసులున్న ముఖ్యమంత్రి ఒక జడ్జి మీద వీధికెక్కడం ఆరోగ్యకరమూ కాదు. కానీ తిరస్కరణకు కారణాలు చెప్పకపోవడం వల్ల ఎవరికి మేలు జరిగింది? ఫిర్యాదు తప్పుడుదైతే, ఎందుకు తప్పుడుదో నాలుగు పేజీల్లో రాసి బయటపెడితే జస్టిస్ రమణ మీద మచ్చ శాశ్వతంగా తుడిచిపెట్టుకుపోయేది. ఫిర్యాదు చేసినవాళ్లకు మరో మాట అనే వీలుండేది కాదు. గోప్యత జడ్జి గౌరవాన్ని కాపాడుతుందని చెబుతారు. ఆ ఆరు నెలలూ, ఆ తర్వాతా, మా బార్ అసోసియేషన్ క్యాంటీన్లలో నడిచిన మాటలు విన్న ఎవరైనా ఆ వాదన ఒప్పుకోరు. ఏ పార్టీ అభిమాని ఆ పార్టీకి తగ్గ ముగింపు ఊహించుకున్నాడు. గోప్యత ఇచ్చేది అదే.

బదిలీల కథ ఇంకా పాతది. ఎమర్జెన్సీలో, 1976లో, ప్రభుత్వం పదహారు మంది హైకోర్టు జడ్జీల్ని రాష్ట్రాలు దాటించింది. మన చిన్నపరెడ్డిగారు ఇక్కడి నుంచి పంజాబ్-హర్యానాకు వెళ్లారు. గుజరాత్ నుంచి సంకల్‌చంద్ సేఠ్ మన హైకోర్టుకు వచ్చారు. వచ్చి ఊరుకోలేదు, తన బదిలీని తానే సవాలు చేశారు. 1977 నాటి ఆ కేసులోనే బదిలీ శిక్షగా ఉండకూడదని, ప్రజాప్రయోజనం కోసమే జరగాలని, ప్రధాన న్యాయమూర్తితో సంప్రదింపు నామమాత్రంగా ఉండకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. ప్రభుత్వం చేతిలోని ఆ కొరడాను లాక్కోవడానికే 1993లో, మళ్లీ 1998లో, నియామకాలూ బదిలీలూ సీనియర్ జడ్జీల బృందమైన కొలీజియం చేతిలో పెట్టారు. లాక్కోవడం న్యాయమే. కానీ 2022 నవంబరులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి జస్టిస్ బట్టు దేవానంద్‌ను మద్రాసుకు, జస్టిస్ డి.రమేశ్‌ను అలహాబాద్‌కు, తెలంగాణ నుంచి జస్టిస్ అభిషేక్ రెడ్డిని పాట్నాకు బదిలీ చేయాలని కొలీజియం సిఫారసు చేసినప్పుడు, ఎందుకో చెప్పలేదు. రెండు రాష్ట్రాల్లోనూ వకీళ్లు విధులు బహిష్కరించారు. ఆ దేవానంద్‌గారే ఆ ఏడాది మార్చిలో బడుల ఆవరణల్లో సచివాలయాల భవనాలు కట్టొద్దన్న ఉత్తర్వును ఖాతరు చేయని ఎనిమిది మంది ఐఏఎస్ అధికారులకు జైలు శిక్ష వేసి, వాళ్లు క్షమాపణ చెప్పాక సంక్షేమ హాస్టళ్లలో సేవ చేయమని పంపారు. ఆ రెండింటికీ సంబంధం ఉందని రుజువు చేసే కాగితం లేదు, లేదని రుజువు చేసే కాగితమూ లేదు. కారణం రాయని బదిలీ ఇలాంటి అనుమానాన్నే మిగులుస్తుంది.

బహిష్కరణల గురించి కూడా ఒక మాట. వకీళ్లకు సమ్మె చేసే హక్కు లేదని 2002లో హరీశ్ ఉప్పల్ కేసులో తేలింది. జడ్జీని బదిలీ చేశారని మేం విధులు బహిష్కరిస్తే వాయిదా పోగొట్టుకునేది శ్రీకాకుళం నుంచో, ఆదిలాబాద్ నుంచో రాత్రి బస్సెక్కి వచ్చిన కక్షిదారు. జవాబుదారీతనం అడిగే మేం ఆ కక్షిదారుకు ముందు జవాబు చెప్పాలి.

కొలీజియానికి బదులు 2014లో పార్లమెంటు తెచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 2015 అక్టోబరు 16న ధర్మాసనం 4-1తో కొట్టేసింది. ఆ ఒక్కరు మన జాస్తి చలమేశ్వర్. కొలీజియం రికార్డులు ప్రజలకే కాదు, చాలామంది జడ్జీలకు కూడా అందుబాటులో ఉండవన్న ఆయన అభ్యంతరాన్ని మెజారిటీ కూడా కొట్టిపారేయలేకపోయింది. 2018 జనవరి 12న కేసుల కేటాయింపు మీద పత్రికల ముందుకొచ్చిన నలుగురు జడ్జీల్లో ఆయనొకరు. ఆ రోజు సమావేశం జరిగింది ఆయన ఇంటి ఆవరణలోనే. కమిషన్‌ను కొట్టేయడం సరైనదేనా అన్న చర్చలో నేను మెజారిటీ వైపే ఉంటాను. 1973లో ముగ్గురు సీనియర్లను దాటి ప్రధాన న్యాయమూర్తిని నియమించిన ప్రభుత్వాన్ని, 1977లో ఎమర్జెన్సీని ఎదిరించి అసమ్మతి రాసిన జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నాను పక్కన పెట్టిన ప్రభుత్వాన్ని చూశాక, మంత్రి కూర్చునే బల్ల దగ్గర జడ్జీల భవిష్యత్తు తేలడం నాకు ఇష్టం లేదు. కానీ మంత్రిని దూరం పెట్టడం వేరు, ప్రజల్ని దూరం పెట్టడం వేరు. 2017 అక్టోబరు నుంచి కొలీజియం తీర్మానాల్ని వెబ్‌సైటులో పెట్టడం మొదలుపెట్టారు. 2019 నవంబరు 13న ప్రధాన న్యాయమూర్తి కార్యాలయం సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందని రాజ్యాంగ ధర్మాసనమే చెప్పింది. 2025 మే నెలలో సుప్రీంకోర్టు జడ్జీలు తమ ఆస్తుల వివరాల్ని ప్రజల ముందు పెట్టారు. ఇవన్నీ ఒక్కో అడుగు. వీటిలో ఏ ఒక్కటీ జడ్జీల స్వతంత్రతను చెరపలేదు.

ప్రజలు రోజూ ఎదుర్కొనే బాధ్యతారాహిత్యం మాత్రం వీటిలో ఏదీ కాదు. అది ఆలస్యం. ఐదు కోట్లకు పైగా పెండింగు కేసులన్న అంకె విని విని దాని బరువు ఎవరికీ తగలడం లేదు కాబట్టి దాన్ని పక్కన పెడదాం. జడ్జీల కొరత ఉంది. పది లక్షల జనాభాకు యాభై మంది జడ్జీలుండాలని లా కమిషన్ 1987లో చెబితే ఇప్పటికీ ఆ సంఖ్యలో సగం కూడా లేరు. ఆ తప్పు ప్రభుత్వాలది. ఖాళీలు, భవనాలు, సిబ్బంది, అన్నిటికీ వాళ్లనే అడగాలి. కానీ వాదనలు ముగిసి, ఫైలు జడ్జి ఇంటికి వెళ్లాక జరిగే ఆలస్యానికి ఏ ప్రభుత్వమూ కారణం కాదు.

కోర్టు తీర్పు నకలు తీసుకున్నవాళ్లు దాని చివర కొట్టిన ముద్రను గమనించే ఉంటారు. దరఖాస్తు ఇచ్చిన తేదీ, స్టాంపులు అడిగిన తేదీ, స్టాంపులు దాఖలు చేసిన తేదీ, నకలు సిద్ధమైన తేదీ, ఇచ్చిన తేదీ ఒక్కో గడిలో కాపీ సెక్షన్ గుమాస్తా చేత్తో నింపి సంతకం పెడతాడు. అప్పీలు గడువు లెక్కలో నకలు కోసం పట్టిన రోజుల్ని మినహాయించాలి కాబట్టి ఆ గుమాస్తా తన ప్రతి రోజుకూ లెక్క చెప్పాలి. ఒక్క తేదీ తప్పు పడితే అతనికి మెమో వస్తుంది. జడ్జి విషయానికొస్తే, తీర్పు రిజర్వు చేసిన తేదీ, వెలువరించిన తేదీ రెండూ మొదటి పేజీ మీద ఉండాలని, మూడు నెలలు దాటితే కక్షిదారు త్వరగా ఇమ్మని దరఖాస్తు పెట్టుకోవచ్చని, ఆరు నెలలు దాటితే కేసును మరో బెంచికి మార్చమని అడగవచ్చని సుప్రీంకోర్టు 2001లోనే అనిల్ రాయ్ కేసులో హైకోర్టులకు చెప్పింది. అది అన్నిచోట్లా అమలై ఉంటే 2025లో ఝార్ఖండ్ ఖైదీల కేసు వచ్చేది కాదు.

ఆ కేసు వివరం చెప్పుకోవాలి. యావజ్జీవ శిక్ష పడిన నలుగురు హైకోర్టుకు అప్పీలు చేసుకున్నారు. 2022లో వాదనలు ముగిశాయి, తీర్పు రిజర్వు అయింది. మూడేళ్లపాటు తీర్పు రాలేదు. జైలు గోడల మధ్య నుంచి వాళ్లు సుప్రీంకోర్టుకు రాసుకున్నారు. సుప్రీంకోర్టు నోటీసు ఇవ్వగానే హైకోర్టు తీర్పు చదివింది. ముగ్గురు నిర్దోషులు. నాలుగో మనిషి విషయంలో ఇద్దరు జడ్జీల మధ్య భిన్నాభిప్రాయం వచ్చింది, అతన్నీ విడుదల చేశారు. నిర్దోషులని తేల్చగలిగిన కోర్టు దగ్గర ఆ ఫైలు మూడేళ్లు ఉంది, వాళ్లు మూడేళ్లు జైల్లో ఉన్నారు. ఆ మూడేళ్లకు ఎవరు సంజాయిషీ ఇచ్చారు? సుప్రీంకోర్టు అన్ని హైకోర్టుల నుంచీ రిజర్వు చేసి వదిలేసిన కేసుల జాబితా అడిగింది. ఆ జాబితాను ప్రతి నెలా, జడ్జి పేరుతో సహా, ప్రతి హైకోర్టూ తన వెబ్‌సైటులో పెట్టాలి. మా క్లయింట్లకు తదుపరి వాయిదా తేదీ సెల్‌ఫోనుకు మెసేజ్‌గా వస్తోంది. తీర్పు ఎన్నాళ్లుగా జడ్జిగారి దగ్గర ఉందో కూడా అలాగే రావచ్చు.

గెలిచినవాళ్ల గతీ మెరుగ్గా లేదు. అమలు పిటిషన్లు, మేం ఈపీలంటాం, దేశమంతటా 8.82 లక్షలకు పైగా పెండింగులో ఉన్నాయని 2025లో సుప్రీంకోర్టు ముందుకు లెక్క వచ్చింది. ఆరు నెలల్లో తేల్చాలని అదే ఏడాది మార్చిలో ఆదేశించింది. డిక్రీ చేతికొచ్చినా పొలం చేతికి రాని ముసలమ్మలు ప్రతి సివిల్ కోర్టు వరండాలోనూ కనిపిస్తారు. అమీనా వెళ్లడం, అవతలివాళ్లు అడ్డుపడటం, పోలీసు సాయం కోసం మరో పిటిషన్, దాని మీద కౌంటరు, దానికో వాయిదా. డిక్రీ వచ్చినప్పుడు ఉన్న మనిషి ఈపీ ముగిసేసరికి ఉండడు, వారసుల్ని రికార్డులోకి తేవడానికి మరో పిటిషన్ వేస్తాం.

మళ్లీ గోప్యత దగ్గరికి వస్తే, కోర్టులు దాన్ని వద్దనుకున్న సందర్భాలూ తెలుగునేల మీదే ఉన్నాయి. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర ఒక పశువైద్యురాలి అత్యాచారం, హత్య కేసులోని నలుగురు నిందితుల్ని పోలీసులు కాల్చి చంపినప్పుడు జనం పూలు చల్లారు. ఆ పనిని మెచ్చుకున్నవాళ్లలో చదువుకున్నవాళ్లు, ఎమ్మెల్యేలు, సినిమావాళ్లు కూడా ఉన్నారు. కోర్టులు ఆలస్యం చేస్తాయి కాబట్టి తుపాకే మేలన్న మాట ఆ రోజు ప్రతి టీవీలోనూ వినిపించింది. మా వృత్తికి అంతకు మించిన అభియోగం లేదు. సుప్రీంకోర్టు జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ వేసింది. పోలీసులు చంపాలనే కాల్చారని, పదిమందిని విచారించాలని అది తేల్చింది. 2022 మే 20న ఆ నివేదికను సీల్డ్ కవర్‌లోనే ఉంచమని రాష్ట్ర ప్రభుత్వ వకీలు కోరితే, బహిరంగ విచారణ నివేదికలో రహస్యమేముందంటూ సుప్రీంకోర్టు బయటపెట్టింది. ఎదురుకాల్పుల్లో చనిపోయిన ప్రతి సందర్భంలో ఎఫ్ఐఆర్ పెట్టాలని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు జడ్జీల ధర్మాసనం 2009 ఫిబ్రవరిలో చెప్పడం వెనక కె.జి.కన్నబిరాన్, ఆయనతో నడిచిన పౌరహక్కుల వకీళ్ల దశాబ్దాల వాదన ఉంది. చంపినవాడు ఎందుకు చంపాడో కోర్టులో చెప్పుకోవాలన్నదే ఆ వాదన సారం. సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. 2014లో తన సొంత మార్గదర్శకాలు ఇచ్చింది. పోలీసు రహస్యాన్ని ఒప్పుకోని కోర్టు తన కమిటీ నివేదికల రహస్యాన్ని మాత్రం ఎలా సమర్థించుకుంటుంది?

రిటైరయ్యాక వచ్చే పదవుల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 2019 నవంబరులో రిటైరైన ప్రధాన న్యాయమూర్తి 2020 మార్చికి రాజ్యసభలో ఉన్నారు. 2023 జనవరిలో రిటైరైన సుప్రీంకోర్టు జడ్జి ఫిబ్రవరికల్లా ఆంధ్రప్రదేశ్ గవర్నర్. వాళ్ల తీర్పుల్లో లోపం వెతకడం నా ఉద్దేశం కాదు. రెండు మూడేళ్ల విరామం చట్టంలో ఉంటే ఆ వెతుకులాటే ఉండేది కాదు. దానికి పార్లమెంటు చట్టం చేయాలి. చేయదేమోనన్న అనుమానానికి ఆధారముంది. జడ్జీల జవాబుదారీ బిల్లు 2012 మార్చిలో లోక్‌సభ దాటి, 2014లో సభతోపాటే కాలం చెల్లింది. ఆ తర్వాత ఏ ప్రభుత్వమూ దాన్ని మళ్లీ ముట్టుకోలేదు. జడ్జీల మీద చేతిలో ఒక ఆయుధం ఉండాలని ప్రభుత్వాలకు ఉంటుంది కానీ, జడ్జీలను ప్రజలకు జవాబుదారీ చేయాలని ఉండదు.

అందుకే పార్లమెంటు కోసం ఆగకుండా కోర్టులు తమంతట తాము చేయగలిగినవి చాలా ఉన్నాయి. ఏడాదికి ఎన్ని ఫిర్యాదులు వచ్చాయి, ఎన్నిటిని ఏ కారణంతో మూసేశారు అన్నది పేర్లు లేకుండానైనా ప్రకటించవచ్చు. అంతర్గత కమిటీ తప్పు తేలిస్తే నివేదిక, తేల్చకపోతే కనీసం దాని సారాంశం బయటపెట్టవచ్చు. బదిలీకి కారణం రెండు వాక్యాల్లో రాయవచ్చు. ఒక కేసు నుంచి జడ్జి తప్పుకుంటే ఎందుకు తప్పుకున్నారో చెప్పవచ్చు. ఇది జడ్జి బాధ్యతని నియామకాల కమిషన్ కేసులోనే జస్టిస్ కురియన్ జోసెఫ్ రాశారు. వీటిలో దేనికీ ప్రభుత్వ అనుమతి అక్కర్లేదు.

ఆ కారణాలు చదవగలిగే భాషలో ఉండటం కూడా ఇందులో భాగమే. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టులో జస్టిస్ పి.నవీన్‌రావు, జస్టిస్ నగేశ్ భీమపాక ధర్మాసనం మచ్చబొల్లారం భూమి వీలునామా వివాదంలో తీర్పును తెలుగులో ఇచ్చింది. తాము ఎందుకు గెలిచామో, ఎందుకు ఓడామో వకీలును అడగకుండా ఆ కుటుంబం చదువుకోగలిగింది. 348వ అధికరణం ప్రకారం హైకోర్టు భాష ఇంగ్లిషు. అదే అధికరణం రెండో క్లాజు కింద రాష్ట్రపతి సమ్మతితో గవర్నరు హైకోర్టు విచారణల్లో రాష్ట్ర భాషను అనుమతించవచ్చు. హిందీకి నాలుగు రాష్ట్రాల్లో ఆ వీలు దొరికింది. తమిళం, గుజరాతీ లాంటి భాషల కోసం వచ్చిన ప్రతిపాదనలకు 2012లో సుప్రీంకోర్టు జడ్జీలు ఒప్పుకోలేదు. తెలుగు కోసం రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ గట్టిగా అడగాల్సి ఉంది, అది తేలడానికి ఏళ్లు పట్టవచ్చు. ఈలోగా కాపీ సెక్షన్ కిటికీ దగ్గర ఇంగ్లిషు నకలుతోపాటు తెలుగు ప్రతి కూడా ఇవ్వడానికి రాజ్యాంగం అడ్డు చెప్పదు. హైకోర్టు నిబంధనల్లో ఒక్క పేరా చేర్చితే సరిపోతుంది.